తలనొప్పికి ఎంఆర్ఐ తీస్తే ఎంఎస్ మచ్చల్లాంటివి కనపడ్డాయా? ముందు ఈ పనులు చేయండి

మా చెల్లి మైగ్రేన్‌కి ఎంఆర్ఐ తీయించుకుంటే రిపోర్ట్‌లో "డీమైలినేషన్" అని వచ్చింది, అంటే నరాల మీది పొర దెబ్బతినడం, ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) అనే మెదడు, వెన్నుపాము జబ్బులో జరిగేది ఇదే. కాళ్లూ చేతులూ చూపూ అన్నీ బానే ఉన్నాయి, అయినా ఆ ఒక్క మాట గూగుల్ చేసి ఇంటిల్లిపాదీ రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మీకూ అలాంటి రిపోర్ట్ వస్తే కంగారు పడకండి. 1983లో కెనడాలో 2450 ఆటాప్సీలు చూస్తే ఐదుగురి మెదడులో ఎంఎస్ బయటపడింది, బతికున్నన్నాళ్లూ వాళ్లకది ఉందని ఎవరికీ అనుమానమే రాలేదు. ఎంఎస్ లక్షణాల్లేకుండా అలాంటి మచ్చలు స్కాన్‌లోనే కనపడితే ఆర్ఐఎస్ (రేడియాలజికల్లీ ఐసోలేటెడ్ సిండ్రోమ్) అంటారు, 2009లో పెట్టిన పేరు.

రిపోర్ట్ కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, సీడీ కూడా న్యూరాలజిస్ట్‌కి ఇచ్చి మచ్చలు ఎక్కడున్నాయో అడగండి, అసలు విషయమంతా అక్కడే ఉంది. మా డాక్టర్‌గారు పెన్ను మొనతో స్క్రీన్ మీద చూపించారు, మెదడు మధ్యలో నీళ్లుండే గదుల అంచునే కోడిగుడ్డు ఆకారంలో, వేళ్లు నిలబెట్టినట్టు ఉంటే ఎంఎస్ వైపు ఆలోచిస్తారట. అక్కడక్కడా చిన్న చుక్కలైతే మైగ్రేన్, బీపీ, షుగర్, సిగరెట్, వయసు, వీటివల్ల కూడా వస్తాయి.

తర్వాత వెన్నుపాము ఎంఆర్ఐ గురించి అడగండి, ఇది మాత్రం వదలొద్దు. ఆర్ఐఎస్ ఉన్నవాళ్లలో అయిదేళ్లలో సుమారు మూడో వంతు మందికి, పదేళ్లలో దాదాపు సగం మందికి లక్షణాలు మొదలవుతాయి, వయసు 37 లోపు ఉండి వెన్నుపాములో కూడా మచ్చ ఉంటే, నడుం దగ్గర సూదితో తీసిన వెన్ను నీళ్లలో ఓలిగోక్లోనల్ బ్యాండ్స్ (ఒక రకం ప్రొటీన్ల గుర్తులు) కనపడితే రిస్క్ ఎక్కువ. బీ12 లాంటి రక్త పరీక్షలు కూడా రాస్తారు, చేయించేయండి. డైమిథైల్ ఫ్యూమరేట్, టెరిఫ్లునోమైడ్ మందులు మొదటి ఎటాక్ రిస్క్ తగ్గించాయని ట్రయల్స్‌లో తేలింది, కానీ అందరికీ అవసరం పడదు, రిస్క్ చూసి డాక్టర్ చెప్పాలి. సిగరెట్ ఉంటే ఈరోజే మానేయండి.

ఒక కన్ను మసకబారి కదిపితే నొప్పి రావడం, ఎరుపు రంగు వెలిసినట్టు కనపడటం, ఒకవైపు తిమ్మిరి రోజు దాటినా తగ్గకపోవడం, మెడ వంచితే వీపులో కరెంట్ షాక్ కొట్టినట్టుండటం, ఇందులో ఏదొచ్చినా రేపు చూద్దాంలే అనుకోకుండా వెళ్లిపోండి.

ఏమీ లేకపోయినా డాక్టర్ చెప్పిన టైముకి మళ్లీ స్కాన్ తీయించాలి, వీలైతే అదే సెంటర్లో అదే మెషీన్ మీద, అప్పుడే కొత్త మచ్చ వచ్చిందో లేదో తేలిగ్గా తెలుస్తుంది. చెల్లి పాత సీడీ మీద మార్కర్‌తో తేదీ రాసి, బీరువాలో మా అమ్మ బంగారం పెట్టే అరలోనే పెట్టాం.