అవతలి మలుపులో ఇంజను ఎందుకు నీరసపడింది?

ఎంవీపీ కాలనీలో, సముద్రపు గాలి నేరుగా కొట్టే మేడ మీద గదిలో ఉంది నా హెచ్‌ఓ లేఅవుట్, అంటే బల్ల మీద పట్టాలు పరిచి నడిపే ఆ సైజు బొమ్మరైలు. పట్టాల్లోకి కరెంటు పంపే కంట్రోలర్ దగ్గర దూసుకుపోయే ఇంజను అవతలి మలుపుకొచ్చేసరికి ఈడ్చుకుంటూ నడిచేది. మోటారే పోయిందంటూ మా తమ్ముడు స్క్రూడ్రైవర్ తీశాడు. ఆగరా బాబూ అని మల్టీమీటర్ పెట్టాను. ఇంజను నడుస్తుండగా కొలిస్తే ఇక్కడ 12 వోల్టులు, అక్కడ 8 కూడా లేవు. ఇంజను తీసేసి కొలిస్తే మాత్రం రెండు చోట్లా ఒకటే చూపిస్తుంది, అదీ తిరకాసు: ఇంజను కరెంటు లాగితేనే దారిలో వోల్టులు తగ్గేది.

దోషం జాయినర్లది. పట్టాల్ని కలిపే ఆ చిన్న రేకు తొడుగు ఒకటి లాగి చూస్తే లోపలంతా పచ్చగా చిలుము, ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి కరెంటు సరిగా దాటట్లేదు. వైజాగ్ ఉప్పుగాలికి ఏ లోహం ఆగింది గనక!

కంట్రోలర్ నుంచి బల్ల కింద ఇంటి వైరింగుకి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, చుట్టూ లాగాను. మూడడుగులకో చోట సన్న వైర్లు పైకి తీసి, ఎరుపు ఎప్పుడూ ఒకే పట్టాకి వచ్చేలా, బయటి పక్కన సోల్డర్ చేశాను. లోపలి పక్కనైతే చక్రం అంచుకి తగులుతుంది. ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా అటూ ఇటూ తడి దూది. సోల్డర్ పట్టడానికి పూసే ఫ్లక్స్ రోజిన్‌దే, యాసిడ్‌దైతే మళ్ళీ చిలుమే. మలుపులో ఇప్పుడు వేగం తగ్గట్లేదు. జాయినర్లన్నీ సోల్డర్ చేయలేదు, మే ఎండలకి పట్టా సాగడానికి కాస్త సందుండాలి.