బరంపురం ఇళ్ళలో మంచి ఆడియో సిస్టమ్: ముందు గది, తరువాతే పెట్టె

లక్షలు పెట్టి స్పీకర్లు కొనే ముందు గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. మా బరంపురంలో ఇప్పుడు కట్టే ఇళ్ళన్నీ స్లాబు, టైల్స్, నున్నటి గోడలు. చప్పుడు టంగుమని మోగితే ఆ గదిలో ఎంత ఖరీదైన సిస్టమ్ పెట్టినా పాటలో మాట తేటగా వినబడదు. డబ్బు ముందు అక్కడ పెట్టాలి.

12 అడుగుల చదరపు గదైతే ఇంకా కష్టం. రెండు వైపులా ఒకే కొలత కాబట్టి 47 హెర్ట్జ్ దగ్గర బాస్ రెట్టింపుగా పేరుకుంటుంది. నేను మృదంగం కచేరీ పెట్టి చూస్తాను. తొప్పి (మృదంగం ఎడమ మూత) మీద మణికట్టు నొక్కి జరిపినప్పుడు గుమ్కీ స్వరం పైకి సాగుతుంది. ఆ సాగడం విడిగా వినబడాలి. ప్రతి దెబ్బకీ గదంతా ఒకటే బుమ్మని మూలిగితే తప్పు స్పీకరుది కాదు, మీరు కూర్చున్న చోటుది. కుర్చీ వెనక గోడకు ఆనించకండి, గది నట్టనడుమా వేయకండి. వెనక గోడకు నాలుగున్నర అడుగులు వదలండి. స్పీకర్లను ముందు గోడకు రెండు, రెండున్నర అడుగులు ఎడంగా పెట్టి, రెంటి మధ్యా, ఒక్కొక్క దానికీ మీకూ మధ్యా దాదాపు ఆరేసి అడుగులు ఉండేలా చూసుకోండి. ట్వీటర్, అంటే పెట్టెలో సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు, మీ చెవి ఎత్తులో ఉండాలి.

తరువాత ఇంట్లో ఒకరిని పక్కగోడ వెంబడి అద్దం జరపమనండి. కుర్చీలోంచి అద్దంలో స్పీకరు కనబడిన ప్రతిచోటా నాలుగు అంగుళాల రాక్‌వూల్ (రాతి నార) ప్యానెల్ పెట్టాలి, పైన నూలు గుడ్డ బిగించాలి. మూలల్లో నేల నుంచి పైదాకా పెడితే బాస్ ఇంకా కుదుటపడుతుంది. వెనక ప్లైవుడ్ కొట్టొద్దని వడ్రంగికి ఒడియాలో గట్టిగా చెప్పండి. చెప్పకపోతే బీరువా తలుపంత గట్టిగా చేసి తెస్తారు.

ఇక స్పీకర్లు. మిగిలిన డబ్బులో సగం వీటికే. గోపాలపూర్ సముద్రం దగ్గరే కాబట్టి కోన్ చుట్టూ ఫోమ్ అంచు ఉన్నవి వద్దు, ఈ తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచువి తీసుకోండి. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకు స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో, అదీ చూడండి: 89 డెసిబెల్స్ ఉన్నదానితో సమానంగా మోగాలంటే 86 ఉన్నదానికి రెండింతల వాట్లు కావాలి. ఆంప్లిఫయర్ దాన్నిబట్టి. కేబుల్‌కు వేలు పోయొద్దు, ఇంత దగ్గరకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు.

అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చండి. పాతదీ కొత్తదీ ఒకే సౌండ్ లెవెల్‌లో వినండి, కాస్త పెద్దగా మోగేదే మనకు మంచిదనిపిస్తుంది. శబ్దాన్ని కొలిచే యూమిక్-1 మైకు, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉంటే గదిలో ఏ స్వరం ఎంత మోగుతోందో చూపే గీత కళ్ళ ముందే కనబడుతుంది. కొత్త డ్యాక్ (డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) కంటే ముందు ఆ మైకు కొనండి.

ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే స్పీకర్లలో గుయ్యిమనే హమ్ పోదు, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. వైశాఖంలో మబ్బు కమ్మగానే, ఉరుములు మొదలవకముందే, స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గుతో పాటు డిష్, ఇంటర్నెట్ తీగలు కూడా పీకెయ్యాలి. 2013 ఫైలిన్ లాంటి తుపాను తరువాత కరెంటు తిరిగొస్తే వెంటనే ఆంప్లిఫయర్ పెట్టకండి. బల్బు, ఫ్యాను నడిపి, మల్టీమీటర్‌లో 230 వోల్టుల దగ్గర నిలకడగా ఉందని చూశాకే ప్లగ్గు పెట్టండి.