రోజుకు అరగంట, ఐదు వారాలు: ఫిలిప్పీ పత్రికతో బైబిలు అధ్యయనం

బైబిలులో 1,189 అధ్యాయాలు. రోజుకు 3, ఆదివారం 5 చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. లెక్క బాగానే ఉంటుంది. కానీ ఆదికాండము 50, నిర్గమకాండము 40 దాటి ఫిబ్రవరి రాకముందే లేవీయకాండములో బలుల విధుల దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆగకుండా లాగినవాళ్ళను నిన్న ఏం చదివారని అడగండి, సగంమందికి గుర్తుండదు. చదవడం వేరు, అధ్యయనం వేరు. మొదటిసారి కూర్చునేవాళ్ళు చిన్న పుస్తకం పట్టుకోవాలి. ఫిలిప్పీ ఊరి సంఘానికి అపొస్తలుడు పౌలు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, 4 అధ్యాయాలు, 104 వచనాలే.

ముందు సమయం సంగతి. మన విశాఖపట్నం స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టులు మారేవాళ్ళు ‘ఉదయం ఐదింటికి’ అని పెట్టుకుంటే వారం తిరగకుండానే తప్పుతుంది. గడియారానికి కాకుండా పనికి ముడిపెట్టండి: నిద్ర లేచి టీ తాగగానే, అది ఏ షిఫ్టయినా సరే. ఒక రోజు తప్పితే మర్నాడు గంట కూర్చోవద్దు. బాకీ పెరిగేకొద్దీ పుస్తకం తెరవాలనే అనిపించదు. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు బస్సులో వెళ్తూ ఆడియో బైబిలు వినడం మంచిదే, కానీ అది ఈ అరగంట కిందకు రాదు.

బైబిలు, రూళ్ళ నోటుబుక్కు, పెన్సిలు చాలు. బైబిలు కాగితం పలచన, పైగా మన సముద్రపు తేమకు మెత్తబడుతుంది. జెల్ పెన్నుతో గీస్తే అవతలి పేజీకి దిగుతుంది. ఫోనులో చదివేవాళ్ళు డేటా ఆపండి.

మొదటి వారం పత్రిక మొత్తం రోజూ ఒకేసారి, పైకి చదవండి. ఇరవై నిమిషాలు పడుతుంది. మిగిలిన పదిలో మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటలు రాసుకోండి. సంతోషం, ఆనందం అనేవి ఎన్నిసార్లు వచ్చాయో, పౌలు ఆ మాటలు బంధకాల్లో ఉండి రాశాడని (1:13, అంటే 1వ అధ్యాయం 13వ వచనం) ఎప్పుడు గమనించారో తేదీ వేసుకోండి. ఆదివారం అపొస్తలుల కార్యములు 16 చదవండి. లూదియ, చెరసాల నాయకుడు, అంటే ఈ ఉత్తరం అందుకున్న సంఘం ఎలా మొదలైందో అక్కడుంది.

తర్వాత వారానికో అధ్యాయం, రోజుకు నాలుగైదు వచనాలు. ప్రతి భాగానికీ మూడు ప్రశ్నలు: ఎవరు ఎవరితో, ఎందుకు అంటున్నారు? ముందు వెనక వచనాల్లో ఏముంది? ఇవాళ నేను మార్చుకోవలసింది ఏమిటి? మూడోది ముందు అడగడమే అందరూ చేసే పొరపాటు. 4:13 చూడండి. ‘సమస్తమును చేయగలను’ అన్నది పరీక్షలకు వెళ్ళే పిల్లల డైరీల్లో కనిపిస్తుంది. 11, 12 వచనాలు కలిపి చదివితే పౌలు గెలుపు గురించి కాదు, కలిమిలోనూ లేమిలోనూ తృప్తిగా ఉండడం గురించి చెబుతున్నాడు. పరీక్ష తప్పిన పిల్లవాడికీ ఆ వచనం పనికొస్తుందన్నమాట. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో వచ్చే ‘సమాధానకరమైన ఉద్దేశములే’ అనే యిర్మీయా 29:11 కూడా అంతే. దాని ముందు వచనంలో బబులోను చెరలో డెబ్బది సంవత్సరాలు గడవాలన్న మాట ఉంది.

వ్యాఖ్యానాలు, యూట్యూబ్ ప్రసంగాలు మీ జవాబులు రాసుకున్నాకే. ముందే వింటే మీ కళ్ళతో చూడడం అలవాటు కాదు. అధస్సూచికలు (పేజీ అడుగున ఉండే చిన్న వివరణలు) మాత్రం వదలకండి.

అరగంటలో నాలుగు వచనాలేనా అనిపిస్తుంది. నెమ్మదిగా సాగడం తప్పు కాదు. ఈ ఊళ్ళోనే 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు అడుగుపెట్టి తెలుగు అనువాదానికి పూనుకున్నారు. ఆనందరాయరు సాయపడ్డారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి 1812 వచ్చింది. మిషనరీలిద్దరూ అప్పటికే కన్నుమూశారు.

ఐదో వారం చివర మీ నోటుబుక్కు తీసుకుని కాటేజ్ మీటింగులో, అంటే ఇళ్ళలో జరిగే ప్రార్థన కూడికలో కూర్చోండి. ఐదారుగురు మించకుండా, ముప్పావు గంట. ఒక్కొక్కరు తమకు అర్థంకాని వచనం ఒకటి తేవాలి. 4:2లో యువొదియ, సుంటుకేల తగాదాతో మొదలుపెడితే ఎవరూ మౌనంగా ఉండరు. తర్వాత మార్కు సువార్త: 16 అధ్యాయాలు, ఇదే పద్ధతి, అయితే మొదటి వారం మొత్తం ఒకేసారి కాదు, రోజుకు రెండుమూడు అధ్యాయాలు.