వేడి లోహంపై నీటిధార – మూడవ పాఠం: ఆవిరి పొరను ఛేదించడం

లోహపు ఉపరితలం ఉష్ణోగ్రతకూ, మరిగే నీటికి అది ఇచ్చే వేడికీ గల సంబంధాన్ని గత పాఠంలో గీతగా గీసుకున్నాము. జపాను ఇంజనీరు నుకియామా 1934లో వెల్లడించిన ఆ వక్రరేఖ మొదట శిఖరానికి ఎక్కి, తరువాత లోయలోకి దిగుతుంది. లోహం మరింత వేడెక్కినప్పుడు నీరు మరింత వేడిని లాగాలి గదా, తగ్గడమెందుకు అన్న ప్రశ్నకు సమాధానం ఆ లోయలోనే ఉన్నది.

బాగా ఎర్రగా కాగిన ఇనుప గరిటెలో వేసిన నీటిబొట్టు వెంటనే ఆవిరి కాకుండా చాలాసేపు నిలిచి ఉండడాన్ని జర్మను వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో వివరించాడు. బొట్టు అడుగున పుట్టిన ఆవిరే దానిని లోహానికి తగలకుండా ఎత్తి పడుతుంది. నునుపైన లోహంపై సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ స్థితి కనబడుతుంది. ఉపరితలపు గరుకుదనాన్ని బట్టి, నీటి చల్లదనాన్ని బట్టి ఆ హద్దు మారుతుంది. ఆవిరి ఉష్ణవాహకత ద్రవరూపంలోని నీటి ఉష్ణవాహకతలో ఇరవయ్యో వంతు కంటే తక్కువ కనుక, వెంట్రుకంత మందం గల ఆ పొర కూడా వేడికి పెద్ద అడ్డంకి అవుతుంది. గీతలోని లోయకు కారణం ఇదే.

ఉత్తర తెలంగాణకు కాగిన ఉక్కుతో పరిచయం పాతది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కు దూరదేశాలకు ఎగుమతి అయ్యింది. నేటికీ కొలిమి దగ్గర నిలబడి చూస్తే, కాగిన కొడవలిని నీటిలో ముంచిన కమ్మరి దానిని ఊరికే వదిలిపెట్టకుండా కదిలిస్తూ ఉండడం గమనించవచ్చు. ఆ కదలికతో ఆవిరి పొర చెదిరి, నీరు ఉక్కును తాకుతుంది. నీటిధార చేసే పని కూడా ఇదే, అయితే మరింత బలంగా, మనం కోరిన చోట.

లెక్క చేద్దాము. 20 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందం గల ఉక్కు పలక బరువు దాదాపు 3.1 కిలోలు. విశిష్టోష్ణం, అంటే కిలో ఉక్కు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారడానికి కావలసిన వేడి, కిలోకు డిగ్రీకి 0.5 కిలోజౌళ్లుగా తీసుకుంటే, దానిని 400 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు దించడానికి సుమారు 470 కిలోజౌళ్ల వేడిని తీసివేయాలి. 30 డిగ్రీల నీరు కిలో చొప్పున 100 డిగ్రీలకు చేరేసరికి 293 కిలోజౌళ్లు, అక్కడి నుండి పూర్తిగా ఆవిరి అయ్యేసరికి మరో 2257 కిలోజౌళ్లు గ్రహిస్తుంది. అంటే ప్రతి బొట్టూ ఆవిరి అయితే 185 గ్రాముల నీరే చాలు. తొట్టిలోని నీటిమట్టం ధార వెలువడే మూతికి (నాజిల్‌కు) 1 మీటరు ఎత్తున ఉంటే ధార వేగం సెకనుకు 4.4 మీటర్లు; 5 మిల్లీమీటర్ల రంధ్రం గుండా, నష్టాలు లేవనుకుంటే, ఆ 185 గ్రాములు రెండు సెకన్లకు కాస్త పైగా సమయంలోనే వచ్చేస్తాయి. పలక మాత్రం రెండు సెకన్లలో చల్లబడదు, ఎందుకంటే నీటిలో అధిక భాగం పలకను సరిగా తాకకుండానే పక్కలకు జారిపోతుంది. చల్లబడే వేగాన్ని నిర్ణయించేది నీటి పరిమాణం కంటే నీటికీ లోహానికీ కుదిరిన స్పర్శ అని ఈ లెక్క వలన గట్టిగా తెలుస్తుంది. నీరు చాలడం లేదని మోటారు పెద్దది చేసే ముందు ఈ సంగతిని తప్పక పరిశీలించాలి.

ధార నేరుగా తాకిన చోట ఏర్పడే అదనపు పీడనం ఇక్కడ దాదాపు 10 కిలోపాస్కల్‌లు, అనగా వాతావరణ పీడనంలో పదోవంతు. ఆ ఒత్తిడీ, ఎప్పటికప్పుడు వచ్చి చేరే చల్లని నీరూ కలిసి అక్కడ ఆవిరి పొరను పలుచన చేసి, చివరకు ఛేదిస్తాయి. అప్పుడు ఒక చిన్న తడి వలయం పుట్టి, నెమ్మదిగా బయటికి విస్తరిస్తుంది. వలయం నడిమధ్యనే వేడి ఎక్కువగా పోతున్నదని చాలామంది అనుకుంటారు. తొలి క్షణాలలో అది నిజమే, కాని మధ్యభాగం చల్లబడిన తరువాత అత్యధిక ఉష్ణ ప్రవాహం ఆ వలయపు అంచుకు మారుతుంది. నుకియామా గీతలోని శిఖరం ఇప్పుడు ఆ అంచుతో పాటే ప్రయాణిస్తున్నదన్నమాట. ఉక్కు కర్మాగారాలలో సుమారు 850 డిగ్రీల వద్ద బయటికి వచ్చే వేడి రేకును చల్లార్చడానికి ధారలను వరుసలుగా అమర్చడం వెనుక ఈ పరిజ్ఞానమే ఉన్నది.

మన ప్రాంతపు వేసవి ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మే నెలలో వరంగల్‌లోనైనా రామగుండంలోనైనా మిద్దెపై తొట్టి నీరు మధ్యాహ్నానికి బాగా వేడెక్కుతుంది. వేడి నీరు తొందరగా ఆవిరి అవుతుంది కనుక పొర మందంగా, స్థిరంగా నిలుస్తుంది. తడి వలయం ఆలస్యంగా పుడుతుంది. అందుచేత ప్రయోగాన్ని తెల్లవారుజామున చేయండి, నీటి ఉష్ణోగ్రతను తప్పక నమోదు చేయండి.

అభ్యాసానికి పైన చెప్పిన కొలతల ఉక్కు పలకనే వాడండి. జింకు పూత గల జీఐ రేకును వేడిచేస్తే హానికరమైన పొగ వస్తుంది, పోత ఇనుము పగలవచ్చు, బోలుగా మూసి ఉన్న లోహపు ముక్క పేలవచ్చు. ఈ మూడింటినీ దూరంగా ఉంచండి. కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు తప్పనిసరి. పలక అడుగువైపు నుండి రంధ్రం తొలిచి, పై ఉపరితలానికి 2 మిల్లీమీటర్ల లోతున, ఉష్ణోగ్రతను కొలిచే తీగ సాధనమైన కె-రకం థర్మోకపుల్‌ను అమర్చండి. అడుగున అంటించిన థర్మోకపుల్ వెనకబడిన విలువను చూపుతుంది కనుక ఆ పద్ధతి పనికిరాదు. పలకను 400 డిగ్రీలకు వేడిచేసి, మంట ఆర్పి, ధారను వదిలి, తడి వలయాన్ని ఫోనులో స్లో మోషన్‌లో చిత్రించండి. ప్రతి సెకనుకూ వలయపు వ్యాసాన్నీ, థర్మోకపుల్ విలువనూ పక్కపక్కనే రాయండి. తరువాత నీటిమట్టాన్ని అర మీటరుకు తగ్గించి మళ్లీ చేయండి. నాలుగవ పాఠంలోని ఉష్ణ ప్రవాహపు లెక్కకు ఈ రెండు పట్టికలూ కావాలి.