కీళ్లవాతానికి వారం మందు: మెథోట్రెక్సేట్ మాత్రలు జాగ్రత్తగా వాడుకోవడం ఎలా?

తెలుగులో ‘రోజు’కూ ‘రోజూ’కూ తేడా ఒక్క దీర్ఘమే. ‘వారంలో ఒక రోజు వేసుకోండి’ అని డాక్టరు చెప్పిన మాట ఇల్లు చేరేసరికి ‘రోజూ ఒకటి’ అయిపోవడం, నల్లగొండ జిల్లాలో మందుల దుకాణం నడుపుతున్న నేను కళ్లారా చూశాను. ఒక పెద్దాయన నోటిపూతకు మందు ఇమ్మని వచ్చారు. పెదవులు పగిలి ఉన్నాయి, మూడు రోజులుగా అన్నం ముద్ద మింగలేకపోతున్నారట. ఇంకేమేం మందులు వాడుతున్నారని అడిగితే చొక్కా జేబులోంచి మడతపడిన ఖాళీ షీటు ఒకటి తీశారు. పది మెథోట్రెక్సేట్ మాత్రల షీటు. పది వారాలు రావలసింది పది రోజుల్లో అయిపోయింది. నోటిపూత మందు అమ్మలేదు. ఆయన కొడుకును పిలిపించి, ఆ షీటు చేతిలో పెట్టి, ఆ పూటే హైదరాబాద్ పంపించాను. రక్తంలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని అక్కడ తేలింది. విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చి బతికించారు.

అదే మందును లెక్క ప్రకారం వాడుతూ మళ్లీ నాట్లకు, పత్తి ఏరడానికి వెళ్తున్న ఆడవాళ్లు కూడా నా దుకాణానికి వస్తారు. ఒళ్లే తన కీళ్ల మీద తాను దాడి చేసుకునే జబ్బు రుమటాయిడ్ కీళ్లవాతం. రక్షణ వ్యవస్థ చేసే ఆ దాడిని అణచడానికి ప్రపంచమంతటా డాక్టర్లు ముందుగా అందుకునే మాత్ర ఇదే.

మొదటి పని: అది కీళ్లవాతమేనని తేల్చుకోండి

మన జిల్లాలో ఈ మెట్టు దాటేయడానికి వీల్లేదు. మునుగోడు, మర్రిగూడ వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారికి మెడ, నడుము బిగుసుకుపోతాయి, మోకాళ్లు లాగుతాయి. ఆ ఫ్లోరోసిస్ నొప్పికి మెథోట్రెక్సేట్ పనిచేయదు; వాడితే దుష్ఫలితాలే మిగులుతాయి. రుమటాయిడ్ కీళ్లవాతం తీరు వేరు. చేతివేళ్ల కణుపులు, మణికట్లు రెండు వైపులా వాచి మెత్తగా ఉంటాయి. పొద్దున లేచాక గంట గడిచినా పిడికిలి బిగించలేరు, చెంబు పట్టుకోలేరు. చికున్‌గున్యా వచ్చి తగ్గాక కూడా కొందరిని కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలవు. వీటిలో ఏదన్నది రక్తపరీక్షలు (ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్), ఎక్స్‌రేలు చూసి, చేతులు పట్టి పరీక్షించి డాక్టరు చెప్పాలి. వీలైతే ఒక్కసారైనా రుమటాలజిస్టుకు (కీళ్లవాతం జబ్బుల నిపుణుడికి) చూపించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది.

ఊళ్లో సూది వేయించుకోగానే నొప్పి మాయమైందని చాలామంది మురిసిపోతారు. అలా మాయం చేసేది చాలాసార్లు స్టెరాయిడ్. అది వాపును కప్పిపెడుతుంది, లోపల కీలు అరిగిపోవడం ఆగదు. ఇప్పటికే నెలల తరబడి అలాంటి సూదులో, పొట్లాల్లో ఇచ్చే పొడులో వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు దాచకండి. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే.

రెండో పని: మొదటి మాత్రకు ముందే పరీక్షలు

పూర్తి రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోవాలి. రక్షణ వ్యవస్థను అణిచే మందు కాబట్టి, లోపల నిద్రపోతున్న క్షయ లేచి కూర్చోకుండా ఎక్స్‌రే చూస్తారు. డబ్బుకు ఇబ్బందైతే ప్రభుత్వాసుపత్రిలో అడగండి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా సాధారణ రక్తపరీక్షలు ఉచితంగా చేస్తారు.

మూడో పని: వారం కుదుర్చుకోండి

ఏడు రోజులకూ ‘వారం’ అంటాం, సోమవారం మంగళవారం అన్నప్పుడూ ‘వారం’ అంటాం. ఈ మందుకు రెండూ కావాలి: వారానికి ఒక్కసారి, ఒకే వారాన. డాక్టరుతో మాట్లాడి రోజు ఖాయం చేసుకుని, గోడ క్యాలెండర్లో ఆ తేదీలన్నిటికీ ఎర్రగా సున్నా చుట్టండి. వేసుకున్నాక సున్నాలో అడ్డగీత కొట్టండి. ‘ఈ వారం వేసుకున్నానా లేదా’ అన్న అనుమానం వచ్చినప్పుడు ఆ గీతే సాక్ష్యం. అనుమానంతో ఇంకొకటి వేసుకోవద్దు.

చదువురాని అత్తలకు, అవ్వలకు నేను చెప్పే గుర్తు అంగడి రోజు. మీ ఊరి అంగడి మంగళవారమైతే, కూరగాయలు తెచ్చుకున్న రాత్రి మాత్ర. ఆదివారం మాత్రం నేను చెప్పను. కోడికూర, కల్లు, చుట్టాల హడావుడిలో అన్నీ తారుమారవుతాయి. రాత్రి భోజనం చేశాక వేసుకుంటే వికారం నిద్రలోనే చాలావరకు గడిచిపోతుంది.

నాలుగో పని: షీటు వెనక అంకె చదవండి

నా అనుభవంలో ‘రోజూ’ తర్వాత పెద్ద గండం ఇదే. ఈ మాత్రలు 2.5, 5, 7.5, 10, 15 మిల్లీగ్రాముల్లో వస్తాయి. సాధారణంగా 7.5 నుంచి 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అవసరాన్నిబట్టి మెల్లగా పెంచుతారు. కీళ్లవాతానికి వారానికి 25 దాటనివ్వరు. పోయిన నెల మీకు 2.5 మాత్రలు ఇచ్చి నాలుగు వేసుకోమన్నారనుకోండి, మొత్తం 10. ఈ నెల దుకాణంలో 10 మిల్లీగ్రాముల షీటే ఉంది. అలవాటు ప్రకారం నాలుగూ వేసుకుంటే 40! మాత్రల సంఖ్య గుర్తుపెట్టుకోకండి, మిల్లీగ్రాములు గుర్తుపెట్టుకోండి. ఎప్పుడూ ఒకే బలం మాత్ర ఇమ్మని గట్టిగా అడగండి. దుకాణం వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

షీటు మీద చెరగని కలంతో ‘మంగళవారం మాత్రమే’ అని రాయించుకోండి. ఇచ్చిన వారాలకు సరిపడా మాత్రలే కొనండి. బీపీ, షుగరు మాత్రల డబ్బాలో దీన్ని కలపవద్దు. మాత్రను విరవకండి, పొడి చేయకండి.

ఐదో పని: ఫోలిక్ ఆమ్లం మరవకండి

ఇది చూడటానికి మెథోట్రెక్సేట్‌కు కవల పిల్లలా ఉంటుంది. చాలా కంపెనీలవి రెండూ చిన్నగా, పసుపుపచ్చగానే ఉంటాయి. అందుకే వేరే డబ్బాలో పెట్టాలి. నోటిపూత, వికారం, కాలేయం మీద పడే భారం తగ్గించడానికి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్రను, మెథోట్రెక్సేట్ వేసుకోని రోజున ఇస్తారు. వారంలో ఎన్నిసార్లన్నది డాక్టరు చెబుతారు.

ఈ రెండింటి వెనకా ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. దాని పని అడ్డుకునే మందులూ అక్కడే పుట్టాయి. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. మొదట వాటిని వాడింది రక్తక్యాన్సర్‌కు. ఫోనులో వెతికి ‘ఇది క్యాన్సర్ మందట’ అని గుండెలు బాదుకుంటూ వచ్చేవారికి నేను చెప్పేది ఇదే: క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు చాలా పెద్దది. కీళ్లవాతానికి ఇచ్చే చిన్న వారపు మోతాదుకు అమెరికా 1988లోనే అనుమతి ఇచ్చింది.

ఆరో పని: ఓపిక పట్టండి, రక్తం ఇస్తూ ఉండండి

ఈ మందు గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే ‘ఏమీ కాలేదు’ అని మానేసి పసరు మందుకు పోయేవాళ్లు ఎక్కువ. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు తప్పవు. మాత్ర వేసుకున్న మర్నాడు రక్తమిస్తే కాలేయం అంకెలు కాస్త పెరిగి కనిపించవచ్చు కాబట్టి, మాత్ర రోజుకు ఒకటి రెండు రోజుల ముందు ఇవ్వడం మంచిది. కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి.

కల్లు, సారా, బీరు ఏదైనా సరే, ఈ మందుతో పాటు కాలేయం మీదే పడతాయి. ‘కల్లు చెట్టు నీళ్లే కదా’ అని వాదించేవారికి జవాబు ఒకటే: అందులోనూ ఆల్కహాల్ ఉంది, కల్తీ కల్లయితే ఇంకేం కలిపారో తెలియదు. మానలేకపోతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

ఎప్పుడు మాత్ర ఆపి పరుగెత్తాలి?

జ్వరం, నోటినిండా పుండ్లు, కారణం లేకుండా కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, కళ్లు పచ్చబడటం, కొత్తగా పొడిదగ్గు, ఆయాసం. వీటిలో ఏది వచ్చినా తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసాన్ని దుమ్ము వల్లనో, పత్తి నుసి వల్లనో అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఈ మందు అరుదుగా ఊపిరితిత్తులను వాపెక్కిస్తుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మే నెల ఎండలో ఒంట్లో నీళ్లు ఆరిపోయినా ఆ వారం మాత్ర ఆపి డాక్టరుకు ఫోను చేయండి. మందును బయటకు పంపేది మూత్రపిండాలే, అవి డీలా పడితే అది లోపలే పేరుకుంటుంది. నొప్పి ఎక్కువైందని సొంతంగా డైక్లోఫెనాక్ వంటివి కొని వేసుకోవద్దన్నదీ అందుకే. ఇంకొక పేరు కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి: కోట్రైమాక్సజోల్. జనం సెప్ట్రాన్ అని పిలిచే ఈ యాంటీబయాటిక్‌ను మెథోట్రెక్సేట్‌తో కలిపితే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మూత్రంలో మంటకో, విరేచనాలకో ఎవరైనా ఇవ్వబోతే ‘నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను’ అని చెప్పండి. టీకాలు వేయించుకునే ముందూ ఇదే మాట చెప్పాలి.

పిల్లలు కావాలనుకునేవారికి

కడుపులోని బిడ్డకు ఈ మందు తీవ్రమైన హాని చేస్తుంది. వాడినంత కాలం గర్భనిరోధం తప్పనిసరి. పెళ్లి కుదిరిన అమ్మాయైనా, ఇంకొక బిడ్డ కావాలనుకునే తల్లి అయినా నెల తప్పేదాకా ఆగకుండా ముందే డాక్టరుతో మాట్లాడాలి. సాధారణంగా మూడు నెలల ముందే ఆపి వేరే మందుకు మారుస్తారు. పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. మగవారూ డాక్టరును అడగాలి.

ఊరు విడిచి పనికి పోతే

పాలమూరు నుంచి ముంబయికో పుణెకో పనికి వెళ్లేవారు డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ ఫోటోను ఫోనులో పెట్టుకోండి. అసలు చీటీ నానిపోతుంది, చిరిగిపోతుంది. వెళ్లే ముందే రక్తపరీక్ష చేయించుకుని, మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో అడిగి తేదీ రాసుకోండి. రైలు హడావుడిలో మంగళవారం మాత్ర మరిచిపోయారనుకుందాం. బుధవారమో గురువారమో గుర్తొస్తే వేసుకోవచ్చు. అంతకంటే ఆలస్యమైతే ఆ వారం వదిలేసి వచ్చే మంగళవారం మామూలు మోతాదే వేసుకోండి, రెండు కలిపి వద్దు.