త్రీ నాట్ త్రీ బోల్టు సగంలో ఆగిపోతోందా?

త్రీ నాట్ త్రీ (.303) అంటే మన ఊళ్లలో పోలీసుల భుజాన చూసిన తుపాకే. తూటా ఎక్కించడానికి చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే కడ్డీయే బోల్టు. ఇండియాలో మామూలు జనానికి ఇది నిషిద్ధ బోర్ కాబట్టి, అమెరికాలో ఉంటూ ఆ రకం పాత రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 కొని రేంజికి తెచ్చే మనవాళ్ల కోసం ఇది. కొత్తగా కొన్నది గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించకుండా మాత్రం కాల్చకండి.

బోల్టు మూసుకుంటుంది, తూటా మాత్రం ఎక్కదు

మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) 'టక్'మని పడిందా? కుడి పక్కన కట్-ఆఫ్ రేకు లోపలికి తోసి ఉందా? నంబర్ 1లో 1907 నాటి మార్క్ 3 రకానికి ఆ రేకు ఉంటుంది. లోపలికి తోసి ఉంటే బోల్టు దాని మీదుగా జారిపోతుంది, తూటాను అందుకోదు. బయటికి లాగితే సరి. ఇది చూడకుండా స్ప్రింగ్ పోయిందని కొత్త మ్యాగజైన్ ఆర్డర్ పెట్టినవాళ్లు నాకు తెలుసు.

బోల్టు సగంలో గట్టిగా ఆగిపోతుంది

ఇది రిమ్ లాక్. నన్ను బాగా ఏడిపించింది ఇదే. .303 తూటాకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనక పడితే, పైదాన్ని ముందుకు తోసినప్పుడు అది కిందిదాన్ని కూడా పట్టి లాగుతుంది. మ్యాగజైన్ లోపమేమో అని దాని లిప్స్ (తూటాలను పట్టి ఉంచే పై అంచులు) వంచబోతారు. వద్దు, అది బాగున్నదాన్ని పాడుచేయడమే.

విడిగా నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కిందిదాని అంచుకి ముందు ఉండాలి. అయిదు తూటాలను ఒకేసారి మ్యాగజైన్‌లోకి దించే రేకు పట్టీ, ఛార్జర్ క్లిప్పు, అందులోనే అసలు మోసం. నేను మొదట్లో అన్నిటినీ మెట్లలా, ఒకదాని ముందు ఒకటిగా పేర్చేవాణ్ణి. బాగానే పనిచేసేది. ఓ రోజు తొందరలో క్లిప్పు తలకిందులుగా పెట్టాను. మెట్లు తిరగబడ్డాయి, అయిదూ ఇరుక్కున్నాయి. సైన్యం పద్ధతి వేరు: క్లిప్పులో తూటాల అంచులు ఒకటి కిందికి, ఒకటి పైకి, అంటే మూడు కింద, రెండు పైన. అలా పేరిస్తే క్లిప్పు ఎటు తిప్పి పెట్టినా ఫర్వాలేదు.

ఇరుక్కుంటే బోల్టును అరచేత్తో బాదకండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, బోల్టు వెనక్కి లాగి, మ్యాగజైన్ ఊడదీసి, తూటాలన్నీ తీసి మళ్లీ పేర్చండి.

"నాకెప్పుడూ ఇలా కాలేదే" అంటారా? మీది 7.62 ఇషాపూర్ 2ఏ1, అంటే ఇదే రూపంలో 7.62 తూటాకి మన దేశంలో చేసిన రైఫిల్ అయి ఉంటుంది. ఆ తూటాకి పొడుచుకొచ్చే అంచే లేదు. రైఫిల్ మీది ముద్ర చూసుకోండి, రెంటి తూటాలూ కలపకండి.

కాల్చాక బోల్టు తెరుచుకోదు

ఛాంబర్లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) పాత గ్రీజు ఉంటుంది, వేడికి జిగురవుతుంది. సాల్వెంట్, ఛాంబర్ బ్రష్‌తో కడిగి పొడిగా తుడవండి. తూటాలకి నూనె రాయొద్దు, కాల్చినప్పుడు బోల్టు మీద భారం పెరుగుతుంది.

ట్రిగ్గర్ నొక్కితే 'టిక్'మంటుంది, అంతే

వెంటనే బోల్టు తెరవకండి. పాత మందు ఆలస్యంగా పేలొచ్చు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి ఓ నిమిషం ఆగండి. అదే లాటు తూటాలు మళ్లీ మళ్లీ ఇలా చేస్తే పక్కన పెట్టేయండి.

ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన కేసును బయటికి లాగే కొక్కెం) స్ప్రింగ్ విరగడం, ఫైరింగ్ పిన్ (తూటా అడుగున కొట్టే మొన) అరగడం లాంటివి అరుదు. కాల్చాక మిగిలే ఖాళీ కేసు (తూటా ఇత్తడి తొడుగు) మధ్యలో చిట్లితే మాత్రం ఆ రోజుకి రైఫిల్ బ్యాగులో పెట్టేసి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి.