చెరువు గట్టు ఇల్లు, కాలు విరిగిన కుక్క, ముందున్న ఎండలు

మా ఇల్లు గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో ఒక ఊళ్లో, సరిగ్గా చెరువు గట్టు కింద ఉంటుంది. వంటింటి కిటికీ తీస్తే నీళ్లే. వచ్చిన చుట్టాలందరూ "ఏం అదృష్టమమ్మా మీది" అంటారు. ఫాల్గుణంలో పొద్దున్నే కొంగలు బారుగా గట్టు మీద వాలినప్పుడు నాకూ అలాగే అనిపించేది. ఈ ఏడు మాత్రం ఆ కొంగల్ని చూస్తే టెన్షన్. ఎందుకంటే అదే కిటికీ దగ్గర మా జిమ్మీ కూడా కూర్చుని వాటినే చూస్తుంటాడు, వెనక కాల్లో స్టీలు ప్లేటుతో.

జిమ్మీ మామూలు ఊరకుక్కే. శివరాత్రికి వారం ముందు బైకు కింద పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. కుట్లు మానడానికి 10 నుంచి 14 రోజులు, ఎముక గట్టిపడడానికి 8 నుంచి 12 వారాలు పడుతుందన్నారు డాక్టరు గారు. గండం అంతా ఈ రెండు లెక్కల మధ్యలోనే ఉంది. కుట్లు తీసేసరికి నొప్పి తగ్గుతుంది. మూడో వారానికి కాలు నేల మీద ఆనించి నడుస్తాడు. లోపల ఎముక ఇంకా పచ్చిగానే ఉందని వాడికి తెలియదు. మనకి తెలుసు గానీ, తోక ఊపుకుంటూ ఎదురొస్తే మర్చిపోతాం. నేను మర్చిపోయాను. పాలు తేవడానికి వెళ్తూ గేటు గడియ పెట్టలేదు. నీటికోళ్ల వెంట పడి గట్టు లోపలి రాళ్ల మీద జారాడు. స్క్రూ ఒకటి కాస్త వదులైంది. మళ్లీ ఆపరేషన్ తప్పింది గానీ ఇంకో మూడు వారాలు మూలన పడుకోబెట్టాల్సి వచ్చింది. కిందివన్నీ ఆ రోజు తర్వాత నేర్చుకున్నవి.

ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి

కాలు బాగోలేని కుక్కకి మన ఇళ్లలో మొదటి శత్రువు నున్నటి టైల్స్. లేవబోయినప్పుడు వెనక కాళ్లు రెండు పక్కలకీ జారిపోతాయి. వాడు తిరిగే మేరకు గోనెపట్టాలు పరిచి, అంచులు కదలకుండా బరువులు పెట్టాను. అత్తయ్యకి ఇల్లంతా మిల్లులా ఉందని చిరాకు. ఉండనివ్వండి అన్నాను. మెట్లకి అడ్డంగా తడిక, మంచం మీదకి ఎక్కకుండా దాని చుట్టూ కుర్చీలు. పొడుగు గొలుసుతో కట్టేయకండి, కాలికి చుట్టుకుంటుంది. నాలుగడుగులు తిరిగే చోటు ఉన్న చిన్న వరండా మూల చాలు. బయటికి తీసుకెళ్లేటప్పుడు పాత తువ్వాలు పొట్ట కింద నుంచి వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని నడిపించాలి. మెడ బెల్టు బారెడుకి మించి వదలకూడదు. ఒంటికో రెంటికో వెళ్లి రావడానికి ఐదు నిమిషాలు చాలు, షికారు కాదు.

కట్టు ఉన్నన్నాళ్లూ రోజుకి రెండుసార్లు కాలి వేళ్లు చూడాలి. మధ్య రెండు గోళ్లు ఒకదానికొకటి దూరంగా జరిగితే వాపు వచ్చిందని అర్థం, కట్టు బిగుసుకుందేమో చూపించాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాడు వాసన వచ్చినా అంతే. గట్టు మీద పొద్దున పూట గడ్డి తడిగా ఉంటుంది. అందుకే బయటికి వెళ్లేటప్పుడు కట్టుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, లోపలికి రాగానే తీసేయాలి. కవరు అలాగే ఉంచితే లోపల చెమ్మ చేరి చర్మం నానిపోతుంది.

అత్తయ్య పసుపు, కొబ్బరినూనె కలిపి తెచ్చారు. "మా నాన్న ఎడ్లకి ఇదే రాసేవాడు, ఒక్కటీ చావలేదు" అన్నారు. "అత్తయ్యా, ఎడ్ల సంగతేమో గానీ, వీడు నాకేస్తాడు" అన్నాను. కుట్ల మీద ఏదీ రాయకూడదు, అంతే. నాకకుండా మెడకి గొట్టం (గరాటులా తల చుట్టూ తొడిగే ప్లాస్టిక్ కాలరు) తప్పనిసరి. అయితే ఆ గొట్టంతో లోతు గిన్నెలో మూతి పెట్టలేడు. దాహంతో ఊరుకుంటాడు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి పీట మీద పెట్టండి. చుట్టుపక్కల గేదెలున్న చోట ఈగలు ఎక్కువ, కుట్ల దగ్గర ఒక్క పూటలో గుడ్లు పెడతాయి. పురుగులు పడ్డాక చేసే వైద్యం కన్నా పగలు దోమతెర కట్టడం తేలిక.

నొప్పి మాత్ర గురించి ఒకటే మాట. మన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయకండి. చిన్న ముక్క కూడా వద్దు. డాక్టరు రాసిన మాత్ర అన్నం తిన్నాకే వేయాలి. వాంతులైనా, విరేచనం నల్లగా వచ్చినా ఆపేసి ఫోన్ చేయాలి.

చెరువు

మాది మంచినీళ్ల చెరువు. ఎండలు ముదిరేలోపు సాగర్ కాలువ నీళ్లు పెట్టి నింపుతారు. ఊరంతా తాగే నీళ్లలో కుక్కని ఈదించడం ఎలాగూ మర్యాద కాదు. "ఈత కొడితే కాలికి మంచిదటగా" అని అడిగేవాళ్లు ఉన్నారు. నిజమే, కుట్లు పూర్తిగా మాని, డాక్టరు సరేనన్నాక, మెల్లగా దించి మెల్లగా పైకి తీస్తే మంచిదే. గట్టు మీద నుంచి దూకితే, జారుడు రాళ్ల మీద పాకుతూ పైకొస్తే, ఈతతో వచ్చిన లాభం అక్కడే పోతుంది. కాలువ అయితే అసలు వద్దు. సిమెంటు చేసిన ఏటవాలు గోడలు, లోపల వడి. నాలుగు కాళ్లూ బాగున్న కుక్కలే పైకి రాలేక కొట్టుకుపోతాయి. నీళ్లు వదిలే రోజు ముందే కనుక్కోండి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మనిషి లోతు ఉంటుంది.

కాలువ నీళ్లు అందని కుంటల సంగతి వేరు. నీరు తగ్గి, వేడెక్కి, కదలకుండా ఉన్నప్పుడు ఒడ్డున ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కడుతుంది. పోగులు పోగులుగా చేతికి వచ్చే మామూలు నాచు కాదది. ఆ తెట్టులో కొన్ని రకాలు విషం. కాలేయాన్ని, నరాల్ని దెబ్బతీస్తాయి. తాగిన కుక్క గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే చొంగ కార్చి, వాంతి చేసుకుని, తూలిపోతుంది. ఒంటికి అంటినా ప్రమాదమే, తర్వాత నాక్కుంటుంది కదా. వెంటనే మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి బయల్దేరాలి. దీనికి ఇంట్లో విరుగుడు లేదు.

ఎండాకాలం మొదట్లో పాములూ నీటి దగ్గరికి వస్తాయి. చెరువుల్లో కనిపించేవి చాలావరకు నీరుకట్టెలు, విషం లేనివే. కానీ ఎలుకల కోసం గట్టు బొరియల్లో నాగుపాము, రక్తపింజర కూడా చేరతాయి. కుంటి కుక్క వెనక్కి గెంతలేదు. చీకటి పడ్డాక టార్చి లేకుండా తీసుకెళ్లకండి. కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, పసరు పోయడం వద్దు. నడిపించకుండా ఎత్తుకుని వెళ్లాలి. మనుషులకి వాడే పాము కాటు మందే కుక్కకీ పనిచేస్తుంది. అది ఎక్కడ దొరుకుతుందో కరవకముందే తెలుసుకుని ఉంచుకోవాలి.

కల్లాల కాలం

ఇది మా వైపు వాళ్లకి మాత్రమే ఉన్న తలనొప్పి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊరి చుట్టూ మిర్చి కల్లాలే. ఎర్ర తివాచీలా కంటికి బాగుంటుంది గానీ, తాలు ఏరేటప్పుడు, టిక్కీలు (మిర్చి బస్తాలు) తొక్కేటప్పుడు లేచే ఘాటుకి మనకే దగ్గు ఆగదు. నేలకి అరడుగు ఎత్తులో ముక్కు ఉన్న వాడి సంగతి ఊహించుకోండి. దగ్గితే, తుమ్మితే ఒళ్లంతా అదురుతుంది, కుట్లు లాగుతాయి. గాలి కల్లం వైపు నుంచి వీస్తుంటే ఆ పూట కిటికీలు మూసేయడమే. కాళ్లకి కారం అంటితే వట్టి నీళ్లతో పోదు, కుక్కల షాంపూతో రుద్ది కడగాలి. కంట్లో పడితే మాత్రం మంచినీళ్లు ధారగా పోస్తూనే ఉండాలి.

కారం కన్నా భయపడాల్సింది పురుగుమందుకి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి పడ్డాక మిర్చికి కొట్టే మందులు బాగా పెరిగాయి. ఖాళీ డబ్బాలు గట్టు మీదే పడేస్తారు, పంపు కాలవలోనే కడుగుతారు. మా పక్కింటి బాబాయికి దండం పెట్టి చెప్పాను, డబ్బాలు మా వైపు విసరొద్దని. కుక్క చొంగ కారుస్తూ, కళ్ల నీళ్లతో, వణుకుతూ కనిపిస్తే ఆ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. దాని మీద పేరు చూస్తేనే డాక్టరు ఏ విరుగుడు ఇవ్వాలో తేల్చగలరు.

పిడుదుల సంగతికొస్తే, మా వైపు గోమార్లు అంటారు. వేడి పెరిగేకొద్దీ పెరుగుతాయి. ఆడ పిడుదు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. అంటే కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగిలినవి మన గోడల్లోనే ఉన్నాయి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, గొట్టం అంచు ఒరుసుకునే చోట రోజూ వెతకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగి, సబ్బు నీళ్లలో వేయండి. గోళ్లతో చిదమకండి. కిరసనాయిలు, గేదెలకి పూసే మందు వాడకండి, చుక్కల మందైనా మాత్రయినా బరువు చూసి డాక్టరే ఇవ్వాలి. ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఆపరేషన్ అయిన నెలకి కుక్క నీరసపడితే అందరం కాలి నొప్పే అనుకుంటాం. అన్నం మానేసి, ఒళ్లు కాలుతూ, చిగుళ్లు తెల్లబడినా, ముక్కులోంచి రక్తం వచ్చినా అది పిడుదు జ్వరం కావచ్చు. రక్త పరీక్ష ఆ రోజే చేయించాలి.

పండగలు, ఎండ

కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలు మా రోడ్డు మీదుగా వెళ్తాయి. డప్పులు, మైకులు, టపాకాయలు. ఆ రాత్రి జిమ్మీని లోపలి గదిలో పెట్టి, ఫ్యాను పెద్దది పెట్టి, నేను పక్కనే కూర్చున్నాను. ప్రభ చూడలేదని మా అబ్బాయి ఇంకా సాధిస్తున్నాడు. శ్రీరామనవమి పందిరికీ ఇదే ఏర్పాటు.

ఉగాది నాడు పిల్లలు ప్రేమగా అన్నీ పెడతారు, వాళ్లకి ముందే చెప్పాలి. పాయసంలో కిస్‌మిస్ కుక్కల కిడ్నీలు పాడు చేస్తుంది. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం వల్లేనని ఇప్పుడు పశువైద్యులు అనుమానిస్తున్నారు. చింతపండులోనూ అదే ఉంది, కాబట్టి ఉగాది పచ్చడి, పులిహోర కూడా వద్దు. ఉల్లిపాయ గారెలు వద్దు. మామిడిపండు ముక్క పర్వాలేదు, టెంక మాత్రం పేగుకి అడ్డం పడుతుంది, మళ్లీ కోయించాల్సి వస్తుంది. పెరుగన్నం పెట్టండి, వాడికి అదే పండగ. కొంచెం తక్కువే పెట్టండి. కదలకుండా ఉన్న కుక్క ఇట్టే ఒళ్లు చేస్తుంది, ఆ బరువంతా అతుకుతున్న ఎముక మీదే.

రెంటచింతల ఎండల పేరు వినని వాళ్లు మా దగ్గర లేరు. మాకూ అంతో ఇంతో అదే. పొద్దున ఏడు దాటాక, సాయంత్రం ఆరున్నర లోపు బయటికి వద్దు. అరచెయ్యి వెనక భాగం సిమెంటు రోడ్డు మీద ఐదు సెకన్లు పెట్టలేకపోతే వాడి కాళ్లూ పెట్టలేవు. కుక్కకి మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటి, నాలుక బాగా ఎర్రబడి, ఆగకుండా వగరుస్తుంటే మామూలు నీళ్లు ఒంటి మీద పోసి ఫ్యాను పెట్టండి. ఐసు వద్దు. తడి దుప్పటి కప్పి వదిలేయకండి, వేడి లోపలే నిలుస్తుంది. కాస్త తగ్గినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. డాక్టరు గారి నంబరు, రాత్రి పూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు, పశువుల అంబులెన్సుది 1962 (కుక్కలకి మీ ఊరు వస్తారో లేదో ముందే అడిగి పెట్టుకోండి), ఆటో అబ్బాయి నంబరు, జిమ్మీ బరువు, వేస్తున్న మందులు, తర్వాతి ఎక్స్‌రే తారీఖు. దాని కింద పెద్ద అక్షరాలతో మా ఆయన రాసి పెట్టారు, నన్ను చూస్తూనే: "గేటు గడియ."